తేనెపిట్టల సీసా తెల్లారేసరికి ఖాళీ, సపోటాలు సగం కొరుకుడు. గబ్బిలాల నుంచి పెరడు ఎట్లా కాచుకోవాలి?

కావలి పెరడు:

అందరికీ నమస్కారం. కావలిలో ఇంటి వెనక 30 అంకణాల పెరడు. రెండు సపోటాలు, ఒక జామ, నాలుగు కర్పూర అరటి చెట్లు, గోడ వారగా మందారం, నూరువరహాలు. పక్కింటి బాదం కొమ్మలు సగం మా వైపే ఉంటాయి. మందారం పక్కన తేనెపిట్టల కోసం బోర్లించే రకం ప్లాస్టిక్ సీసా వేలాడదీశాం, 250 మి.లీ. పడుతుంది. ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్లు. పగలు పిట్టలు బాగానే వస్తున్నాయి. సాయంత్రం ముక్కాలు సీసా ఉన్న నీళ్లు తెల్లారేసరికి అడుగంటుతున్నాయి.

పండిన సపోటా చెట్టు మీద మిగలడం లేదు. పోర్టికో కింద ఒకే చోట గోడ మీద పసుపు, గోధుమ రంగు చారలు, నేల మీద నమిలి ఉమ్మిన పీచు ముద్దలు, బాదం టెంకలు. రాత్రి తొమ్మిదింటప్పుడు రెక్కల చప్పుడు వినిపిస్తోంది.

తుమ్మలపెంట నుంచి పాత చేపల వల తెచ్చి చెట్టు మీద కప్పేయమని ఒకరు, రాత్రంతా లైటు వేసి ఉంచమని ఒకరు, ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మిషన్ కొనమని ఇంకొకరు చెప్తున్నారు. ఇంట్లో పెద్దావిడకి గబ్బిలాల నుంచి వచ్చే నిపా వైరస్ భయం పట్టుకుంది. వాటిని చంపే ఉద్దేశం లేదు. సీసా, పండ్లు, గోడ, ఈ మూడూ ఎట్లా కాపాడుకోవాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.


పినాకిని పిట్టలు:

ముందు సీసా సంగతి చూద్దాం. గోడ మీద చారలకీ పీచు ముద్దలకీ కారణం గబ్బిలాలే, అందులో అనుమానం లేదు. సీసా ఖాళీ చేసేది కూడా అవేనా అన్నది మాత్రం విడిగా తేల్చుకోవాలి.

బోర్లించిన సీసాలో నీళ్ల పైన గాలి ఉంటుంది. ఎండకి ఆ గాలి వ్యాకోచించి నీళ్లని కింది కన్నాల్లోంచి బయటికి నెడుతుంది. సీసాలో నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ ఉంటే ఈ కారడం ఇంకా ఎక్కువ. అయితే ఇది పగటి పని. రాత్రి చల్లబడే కొద్దీ గాలి ముడుచుకుంటుంది, కారడం తగ్గాలి. కాబట్టి రాత్రి మట్టం పడిపోతోందంటే మూడు దారులు: వాషర్ పాడై బొట్టు బొట్టుగా పోవడం, సముద్రపు గాలికి సీసా ఊగి చిందడం, లేదా ఏదో వచ్చి తాగడం.

తేల్చుకోవడం తేలికే. చీకటి పడగానే నీళ్ల మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. కింద స్టీలు పళ్లెం పెట్టండి. పది గంటలకి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. పళ్లెం నిండా నీళ్లుంటే అది కారుడు. పళ్లెం పొడిగా ఉండి మట్టం తగ్గితే తాగుడు. తాగేవాటిలో ఎలుకైతే సీసా కన్నాల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పువ్వుల అంచున జంట పళ్ల గాట్లు కనబడతాయి, తీగ మీదుగా దిగొస్తుంది. మానుపిల్లి అయితే సీసానే లాగి పడేస్తుంది. గబ్బిలం వస్తే సీసాకే ఉండే అడుగు గిన్నె జిగటగా, ఒక వైపు వంగి, చుట్టూ తుంపరలు పడి ఉంటాయి. కళ్లారా చూడాలంటే టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు పొరలు చుట్టి దూరం నుంచి వేయండి, తెల్ల వెలుతురుకి వెంటనే లేచిపోతాయి.

ఇంటర్నెట్‌లో గాల్లో నిలబడి సీసాలోకి నాలుక చాచే గబ్బిలాల వీడియోలు తిరుగుతుంటాయి. అవి అమెరికాలోని ఆరిజోనా వైపువి. అక్కడ హమ్మింగ్‌బర్డ్‌ల కోసం పెట్టిన సీసాల్ని వేసవి చివర్లో, శరత్తులో రెండు రకాల మకరంద గబ్బిలాలు రాత్రికి రాత్రే ఊడ్చేస్తాయి. అందులో పొడుగు ముక్కు రకాన్ని 1988లో అంతరించిపోయే జాబితాలో చేర్చి, సంఖ్య కోలుకున్నాక 2018లో తీసేశారు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు, ఆ గబ్బిలాలూ మన దగ్గర లేవు. మన పెరట్లోకి వచ్చేది ఎక్కువగా పొట్టి ముక్కు పండ్ల గబ్బిలం. 40 నుంచి 60 గ్రాముల బరువు, చెవుల అంచు తెల్లగా, రెక్కలో వేలి ఎముకలు లేత రంగులో కనిపిస్తాయి. అది ఎక్కువసేపు గాల్లో నిలబడి తాగదు, వచ్చి పట్టుకుని వేలాడుతుంది. అందుకే సీసా వంగిపోతుంది.

ఆరిజోనాలో పనికొచ్చే మందే ఇక్కడా పనికొస్తుంది: పొద్దు వాలగానే సీసా దించి లోపల పెట్టండి. తేనెపిట్ట చీకట్లో తాగదు, దానికి ఏ నష్టమూ లేదు. మన వైపు నవంబరు చివర 5:40 ప్రాంతంలో, జూలైలో 6:40కి కాస్త అటూ ఇటూగా పొద్దు కూకుతుంది. అంతకు పది నిమిషాల ముందు దించేయండి, తెల్లారగానే మళ్లీ పెట్టండి. ఈ పని ఒక పూట చేసి ఒక పూట మానితే ఫలితం ఉండదు. రుచి తెలిసిన గబ్బిలం రోజూ అదే దారిలో వచ్చి చూసుకుంటుంది. వరసగా రెండు వారాలు ఖాళీ కొక్కెం కనబడితే ఆ దారి మానుకుంటుంది.

ఎలాగూ రోజూ దించుతారు కాబట్టి రోజూ కడగండి. మే నెలలో మన ఎండకి పంచదార నీళ్లు సాయంత్రానికే పులుస్తాయి. నీళ్లు మసకబారినా, తీగలా సాగినా పారబోయాల్సిందే. వేడినీళ్లు, సీసాల బ్రష్షు చాలు. సబ్బు వాడితే వాసన పోయేదాకా కడగాలి. లోపల నల్ల బూజు చుక్కలు పడితే నీళ్లలో నాలుగో వంతు వెనిగర్ కలిపి గంటసేపు నానబెట్టండి. 250 మి.లీ. నింపి సగం పారబోసే కన్నా 100 మి.లీ. పట్టే చిన్న సీసా తెచ్చి నిండుగా పోయడం మేలు, గాలి తక్కువ ఉంటుంది కాబట్టి కారడమూ తగ్గుతుంది. బెల్లం, తేనె, రంగు కలపొద్దు. చీమలు దాటకుండా తీగ మధ్యలో నీళ్లు నింపిన మూత కట్టండి. గ్రీజు, వ్యాజిలిన్ మాత్రం వద్దు, ఈకలకి అంటితే పిట్ట దాన్ని వదిలించుకోలేదు.

నా అభిప్రాయం అడిగితే సీసా అసలే అక్కర్లేదు. మందారం, నూరువరహాలు, దానిమ్మ, మునగ పూత ఉన్న పెరట్లో తేనెపిట్టకి లోటు లేదు.


ఉలవపాడు తోట:

సీసా గురించి పైన ఆయన చెప్పింది చాలు. నేను పండ్ల గురించి చెప్తా.

చేపల వల మాత్రం కట్టబాకండి. ఎంత చవగ్గా దొరికినా సరే. సన్న నైలాను దారం చీకట్లో గబ్బిలాయికి కనపడదు. రెక్క తగలంగానే చుట్టుకుంటాది, గింజుకునే కొద్దీ దారం కోసుకుపోతాది. పక్షులు, పాములు కూడా అందులోనే చస్తాయి. వల వేయాల్సి వస్తే కన్ను 5 మి.మీ. మించకూడదు. కొలిచే పని లేదు, చిటికెన వేలు దూరితే ఆ వల పనికిరాదు. తెల్ల రంగుది తీసుకోండి. చెట్టు మీద ఊరికే కప్పితే ముడతల్లో ఇరుక్కుంటాయి, పైగా వల మీద వాలి పైపైన కొరుకుతాయి. నాలుగు వైపులా వెదురు గడలు పాతి, ఆకులకి జానెడు ఎడంగా, డప్పు చర్మం లాగా బిగించి, కింద అంచు నేలకి ఆనించి ఇటుకలు పెట్టాల. ఇంత పని ఒక జామ చెట్టుకైతే చేసుకోవచ్చు, ఎదిగిన సపోటాకి గిట్టదు.

సపోటాకి అసలు వలే అక్కర్లేదు. సపోటా చెట్టు మీద పండితేనే గదా గబ్బిలాయి వచ్చేది. అది పచ్చికాయ ముట్టదు, పాలకి మూతి అంటుకుంటాది. మన పని కాయ ముదరంగానే కోసేయడం. ముదిరిందని ఎట్లా తెలుస్తాదంటే, కాయ మీద ఇసక లాంటి గోధుమ పొట్టు బొటనవేలితో రుద్దితే రాలిపోవాల. గోటితో సన్నంగా గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే ఇంకా లేత, బంగాళాదుంప రంగులో ఉంటే కోతకి వచ్చినట్టు. తొడిమ తుంచినప్పుడు పాలు ధారగా రాకుండా చుక్కగా వస్తాయి. కోసినాక నీళ్లలో కడిగి పాలు పోగొట్టి, ఆరబెట్టి, వరిగడ్డిలో పెడితే నాలుగు నుంచి ఆరు రోజుల్లో మగ్గుతాయి. కార్బైడు జోలికి పోబాకండి, అది నిషేధం కూడా.

కోత ఎప్పుడు చేస్తామనేది కూడా ముఖ్యం. చాలామంది పొద్దున్నే కోస్తారు. పెరటి చెట్టుకైతే సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపల చెట్టు చుట్టూ తిరిగి, మెత్తబడినవీ రంగు తిరిగినవీ అన్నీ దించేయాల. రాత్రికి చెట్టు మీద వాసన వచ్చే పండు ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్క పండు వాసనకి వచ్చినది పక్కన దోరగా ఉన్న నాలుగిటిని కూడా గీరి చూసిపోతాది. కింద రాలినవి కూడా ఏరేయండి.

జామకి సంచులు కట్టండి. కాయ నిమ్మకాయంత అయినప్పుడు తెల్లటి నాన్‌ఓవెన్ గుడ్డ సంచి, 20 సెం.మీ. వెడల్పు 25 సెం.మీ. పొడవుది, తొడిగి తొడిమకి కాకుండా కొమ్మకి దారంతో కట్టాల. తొడిమకి కడితే గాలికి ఊగి కాయ రాలిపోతాది. కట్టేముందు కాయ మీద ఎండిన పూరేకులు తుడిచేయండి, లేకుంటే పిండినల్లి లోపలే పెరుగుతాది. పాలిథిన్ కవరైతే మన ఎండకి లోపల చెమట పట్టి కాయ మచ్చలు పడతాది. న్యూసుపేపరు అక్టోబరు వానలకి రెండు రోజులు ఆగదు. గుడ్డ సంచి ఉతికి మూడు కాపులకి వాడుకోవచ్చు. పండీగకి కూడా ఇదే మందు, ఒక ఖర్చుతో రెండు పనులు. సంచి కట్టాం గదా అని పండేదాకా వదిలిపెట్టబాకండి. మగ్గిన వాసన వస్తే సంచి పైనుంచే కొరుకుతాది. ముదురాకుపచ్చ పోయి లేత పసుపుపచ్చ తిరగంగానే కోయండి, ఇంట్లో రెండు మూడు రోజుల్లో పండుతాది.

అరటికి గబ్బిలాయి వచ్చేది మొదట పండుకి కాదు, పువ్వు తేనెకి. గెలలో ఆఖరి వరస (అత్తం) విచ్చుకుని కాయలు పైకి తిరిగినాక, దానికి జానెడు కింద పువ్వుని వాలుగా కోసేయండి. కూరకి పనికొస్తాది, గెలకి బలం, రాత్రి రాకపోకలు తగ్గుతాయి. గెలకి పాత గోనెసంచి అడుగు విప్పి పైన కట్టి, కింద తెరిచి వదలండి. కాయ పలకలు పోయి గుండ్రబడంగానే గెల దించండి.

పక్కింటి బాదం కొట్టేయమని మాత్రం అడగబాకండి. ఆ కాయలున్నన్నాళ్లు మీ సపోటా మీద ఒత్తిడి తక్కువ.


ఒంగోలు పశువైద్యం:

పెద్దావిడ భయం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో సగం తెలిసి భయపడేవాళ్లూ, అసలు పట్టించుకోనివాళ్లూ ఇద్దరూ ఉన్నారు.

నిపా వైరస్ సహజంగా ఉండేది పెద్ద పండ్ల గబ్బిలాల్లో. మర్రి, చింత చెట్లకి వందలకొద్దీ తలకిందులుగా వేలాడుతూ పగలు కూడా అరుస్తుండేవి అవే, రెక్కలు చాస్తే మీటరు పైనే ఉంటాయి. 1998-99లో మలేషియాలో ఇది మొదట బయటపడినప్పుడు పందుల దొడ్ల మీది పండ్ల చెట్ల నుంచి పందులకి, వాటి నుంచి మనుషులకి వచ్చింది. మన దేశంలో 2001లో సిలిగురి, 2007లో నదియా జిల్లా, 2018 మేలో కోజికోడ్, ఆ తర్వాత కూడా కేరళలో వచ్చింది. గబ్బిలం తలమీదుగా ఎగిరితే రాదు. దాని ఉమ్మి, మూత్రం తగిలిన తిండి నోట్లోకి పోవడం ముఖ్యమైన దారి, జబ్బు పడిన జంతువు నుంచీ మనిషి నుంచీ కూడా అంటుకోవచ్చు.

కాబట్టి కొరికిన పండులో బాగున్న ముక్క కోసుకు తినడం మానేయండి. పశువులకి, పందులకి కూడా వేయొద్దు, గుంట తీసి పూడ్చండి. గాటు లేని పండ్లు ధారగా నీళ్ల కింద కడిగి, తొక్క తీసి తినొచ్చు. పిల్లలకి చెప్పాల్సింది ఒక్కటే: కింద పడిన పండు తీసుకుని తినకూడదు.

గోడ, నేల శుభ్రం చేసేటప్పుడు పొడిగా చీపురు పెట్టొద్దు, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ముందు నీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్ వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, సబ్బు నీళ్లతో కడగండి. తర్వాత ఒక లీటరు నీళ్లకి రెండు మూతల బ్లీచింగ్ ద్రావణం చాలు. ఫినాయిల్, బ్లీచింగ్ ఒకేసారి కలపొద్దు. జామ గింజలున్న రెట్ట మరక ఎండకముందే కడిగితే పోతుంది, రెండు రోజులు ఆగితే సున్నం గోడ మీద నిలిచిపోతుంది.

గబ్బిలం కరిచినా, గోరు గీరుకున్నా అది వేరే విషయం. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గబ్బిలం కాటుని రేబిస్ లెక్కలో మూడో తరగతి గాయంగా చూస్తారు, అంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. చిన్న గాటే కదా అని ఊరుకోవద్దు.


రామాయపట్నం గాలి:

మధ్యలో ఒక ప్రశ్న. మా వైపు ఈత చెట్లకి కట్టే కల్లు ముంతల్లో కూడా రాత్రి గబ్బిలాలు తాగుతున్నాయి. పొద్దున ముంతలో వెంట్రుకలు, ఒక్కోసారి రెట్ట కూడా ఉంటోంది. గీసేవాళ్లు వడగట్టి పోస్తామంటున్నారు. అది చాలా?


ఒంగోలు పశువైద్యం:

చాలదు. వడగడితే వెంట్రుకలు పోతాయి, ఉమ్మిలో ఉండే వైరస్ పోదు. బంగ్లాదేశ్‌లో నిపా మనుషులకి ఎక్కువగా పచ్చి ఖర్జూర రసం నుంచే వచ్చింది, ఈత రసం తీసే పద్ధతీ అదే. గబ్బిలం ముంతలోనే కాదు, చెక్కిన మోడు మీద ఊరే రసాన్ని నేరుగా నాకుతుంది. ముంత మూతి మీద గుడ్డ కడితే అందుకే ఫలితం ఉండదు. అక్కడ వెదురు చాపని గౌనులాగా చెక్కిన మోడు పైనుంచి కిందికి, మోడు, గొట్టం, ముంత మూతి మూడూ మూసుకునేట్టు కడతారు. గబ్బిలాలు రాకుండా అది బాగా అడ్డుకుంటుందని రాత్రి కెమెరాలు పెట్టి చూసి తేల్చారు.

ఇక్కడైతే తాటాకు గానీ పాత ఈత చాప గానీ వాడొచ్చు. ఎడమ, కుడి పక్కల సందు వదిలితే అందులోంచి దూరతాయి, మాను చుట్టూ తాడుతో బిగించాలి. పొద్దున ముంత దించేటప్పుడు చాప మీద రెట్ట కనబడితే దాన్ని కడిగి ఆరేయాలి. రసాన్ని మరగకాచి బెల్లం చేసేదైతే భయం లేదు, ఆ వేడికి వైరస్ బతకదు. పచ్చిగా తాగేదానికే ఈ జాగ్రత్తంతా.


కావలి పెరడు:

అందరికీ కృతజ్ఞతలు. మార్కర్ గీత పెట్టి చూస్తే తాగుడే అని తేలింది, పళ్లెం పొడిగా ఉంది. ఇప్పుడు ఒక అత్యవసరం. పక్కింటివాళ్లు వాళ్ల జామకి నిన్న చేపల వల కప్పారు. ఇందాక చూస్తే అందులో ఒక గబ్బిలం చిక్కి ఉంది, బతికే ఉంది, గింజుకుంటోంది. ఎట్లా విడిపించాలి?


పినాకిని పిట్టలు:

ఒట్టి చేతులు పెట్టొద్దు. ఇద్దరు కావాలి. ఒకరు వెల్డింగు వాళ్లు వేసుకునే మందపాటి గ్లవ్స్ వేసుకుని, ముతక తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, వెనక నుంచి దాని తల, రెక్కలు కలిపి కప్పి పట్టుకోవాలి. తల కప్పితే చీకటికి నెమ్మదిస్తుంది. నొక్కొద్దు, రెక్క ఎముకలు అగ్గిపుల్ల కన్నా సన్నం. రెండోవారు ముందు వలనే చుట్టూ కత్తిరించి గబ్బిలాన్ని వల ముక్కతో సహా చెట్టు మీద నుంచి దించాలి. చెట్టు మీద ఉండగానే దారాలు విప్పబోతే చిక్కు పెరుగుతుంది.

నీడలో కూర్చుని మొన మొద్దుగా ఉన్న కత్తెరతో ఒక్కో దారం కోయండి. కాళ్ల దగ్గర మొదలుపెట్టి రెక్కలకి, చివర్లో మెడకి రండి. అయిపోయిందనుకున్నాక మెడ చుట్టూ, చంకలో, తొడ సందులో మళ్లీ చూడండి. బొచ్చులో దాగిన ఒక్క దారం మిగిలినా రక్తం ఆగి నాలుగు రోజుల తర్వాత చచ్చిపోతుంది. పొట్టకి పిల్ల అంటుకుని ఉందేమో చూడండి. ఈ రకం ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక్క పిల్లని ఈనుతుంది, తల్లి దాన్ని మోసుకునే తిరుగుతుంది. పిల్ల ఉంటే విడదీయకండి.

అట్టపెట్టెకి పెన్సిల్ లావు కన్నాలు పొడిచి, లోపలి గోడకి పాత తువ్వాలు అంటించి అందులో వదలండి. దాన్ని పట్టుకుని వేలాడుతుంది. పండిన అరటిపండు మెత్తగా చిదిమి నీళ్లు కలిపి చెంచాతో పెట్టెలో ఉంచండి. పగలు ఎగరేస్తే కాకులు బతకనివ్వవు. పొద్దు కూకాక మనిషి ఎత్తున గరుకు బెరడు ఉన్న మానుకి పెట్టె ఆనించి తెరవండి. నేల మీద వదిలితే సరిగా లేవలేదు, దానికి వేలాడి జారే ఎత్తు కావాలి. రెక్క పొరలో చిన్న చిల్లులుంటే వాటంతటవే మానుతాయి. రెక్క ఒక పక్క వేలబడినా, ఎముక బయటికి కనపడినా వదలకుండా పశువుల ఆసుపత్రికి గానీ అటవీ రేంజి ఆఫీసుకి గానీ అప్పగించండి.

మిగిలిన వల ఈరోజే తీయించేయండి.


ఉలవపాడు తోట:

పక్కింటోళ్లతో మాట్లాడేటప్పుడు చట్టం సంగతి కూడా చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాల్ని ఎలకలు, కాకులతో కలిపి ఐదో షెడ్యూల్లో, అంటే హాని చేసే జంతువుల జాబితాలో, పెట్టినారు, అప్పట్లో చంపితే అడిగేవాళ్లు లేరు. 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేసినారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉండాది. పాత మాట పట్టుకుని "అవి పురుగుల లెక్క" అనేవాళ్లు ఇంకా ఉండారు.

ఇంకొకటి. నల్లమలలో ఇప్ప పువ్వుకీ, ఊళ్లలో బూరుగకీ రాత్రి పుప్పొడి మోసేవాటిలో ఇవే ముఖ్యం. మన గట్ల మీద రావి, మర్రి మొలకల్లో కొన్ని వీటి రెట్టలోంచి వచ్చినవే. జామకాయ ఒకటి పోయిందని వీటిని లేకుండా చేసుకుంటే నష్టం మనకే.


కావలి పెరడు:

గబ్బిలాన్ని విడిపించాం, రెక్క బాగుంది, చీకటి పడ్డాక వేప చెట్టు నుంచి ఎగిరిపోయింది. వల కూడా తీసేశారు. ఇక పోర్టికో మిగిలింది. లైటు, అల్ట్రాసోనిక్ మిషన్ గురించి ఎవరూ చెప్పలేదు.


పినాకిని పిట్టలు:

అల్ట్రాసోనిక్ మిషన్‌కి డబ్బు పెట్టొద్దు. దోమలు, పురుగులు తినే చిన్న గబ్బిలాలు అరుపు ప్రతిధ్వనితో దారి చూసుకుంటాయి. ఈ పండ్ల రకం కళ్లతో, ముక్కుతో వెతుక్కుంటుంది. ఆరుబయట ఆ మిషన్ శబ్దం ఎక్కువ దూరం పోదు కూడా. నాఫ్తలీన్ ఉండలు బయట గాలికి పనిచేయవు, పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఒకటి. టపాకాయలు కాలిస్తే ఆ రాత్రికి పోతాయి, మర్నాడు వస్తాయి.

పోర్టికో వాటికి ఇల్లు కాదు, భోజనాల బల్ల. చెట్టు మీదే కూర్చుని తింటే గుడ్లగూబ కంటపడతామని పండు తెంచుకుని పక్కన నీడలో వేలాడే చోటికి తెచ్చుకుంటాయి. నమిలి, రసం మింగి, పీచు ఉమ్మేస్తాయి. ఒకే చోట కుప్ప పడుతోందంటే దానికి నేరుగా పైన గోరు దిగే ఆసరా ఏదో ఉంది. పగలు నిచ్చెన వేసి చూడండి. ఫ్యాను కొక్కెం, వదిలేసిన కేబుల్ వైరు, ప్లాస్టరింగ్ గరుకు, సాలెగూడు పట్టిన మూల, వీటిలో ఒకటి ఉంటుంది. వైరు తీసేయండి, కొక్కేనికి ప్లాస్టిక్ మూత తొడగండి. గరుకుగా ఉంటే ఆ చోట రెండడుగుల చదరంలో నున్నటి పీవీసీ షీటు స్క్రూలతో బిగించండి. నున్నటి దాని మీద గోరు నిలవదు. పెయింటు కొడితే చాలదు, కింద గరుకు అట్లానే ఉంటుంది.

షీటు పెట్టాక అవి అడుగు పక్కకి జరిగి వెతుక్కుంటాయి. అందుకని మొదటి రెండు వారాలు అంచు వెంట మూరెడు పొడుగు గుడ్డ పేలికలు జానెడుకొకటి చొప్పున వేలాడదీయండి. గాలికి కదిలే వాటి మధ్య వాలడం వాటికి ఇష్టం ఉండదు. కట్టేసి కదలకుండా ఉంచిన పేలికలకి మూడు రోజుల్లో అలవాటు పడతాయి.

లైటు పనిచేస్తుంది గానీ రాత్రంతా వెలిగే లైటు వద్దు. దానికి పురుగులు చేరతాయి, వాటికోసం బల్లులు, పురుగులు తినే గబ్బిలాలు వస్తాయి. కదలికకి వెలిగే సెన్సారు ఉన్న 9 వాట్ల పసుపు బల్బు, ఆ వేలాడే చోటికి గురిపెట్టి, నిమిషంలో ఆరేట్టు పెట్టండి. హఠాత్తుగా వెలగడమే వాటిని లేపేది. బల్బు పెరటి వైపు, మందారం వైపు పడకూడదు, తేనెపిట్ట గూడు అక్కడే ఉంటే రాత్రి కుదురుగా ఉండదు.


కావలి పెరడు:

పోర్టికో పైన పాత డిష్ కేబుల్ దొరికింది, సరిగ్గా మరక పైనే. చివరి సందేహం: పోర్టికో నుంచి తరిమితే పక్కింటి వరండాకి పోతాయేమో?


ఉలవపాడు తోట:

పోవచ్చు. అందుకే వాటికి ఇంకో చోటు మీరే చూపించండి. పెరటి చివర, ఇంటికి దూరంగా గుబురు చెట్టు ఉంటే దాని కింద కొమ్మలు నరకబాకండి. చీకటిగా, కింద ఎవరూ తిరగని కొమ్మ దొరికితే అవి ఆడికే పోతాయి. ఆ చెట్టు కింద నీళ్ల తొట్టి, గుడ్డలారేసే తాడు, కోళ్ల గంప లేకుండా చూసుకోండి. నమిలి పడేసిన గింజలు మొలిస్తే చిన్నప్పుడే పీకేయండి, ముఖ్యంగా రావి మొక్క గోడ పక్కన ఉంటే.